మూలదినం నాటి ఆవిరి

మా ఆయన పోయి ఆరేళ్లయింది. ఆ ఆరేళ్లూ, ఆదివారాలతో సహా, రోజూ ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఆయన్ని చూస్తూనే వచ్చాను.

దయ్యం కథ అనుకోకండి. నేను విశాఖపట్నంలో ఒక వాతావరణ కేంద్రంలో పనిచేసేదాన్ని. పేరు సువర్ణ. ఉపగ్రహం పంపిన రాడార్ చిత్రాలను శుభ్రం చేసి, గాలిలో తేమ ఎక్కడెంత ఉందో పటం తయారుచేసే విభాగానికి నేనే పెద్దదాన్ని. ఆ పటంలో చెమ్మ ఉన్నచోట నీలం, పొడిగా ఉన్నచోట ఇటుక రంగు. శ్రీకాకుళం తీరంలో కొమరవానిపేట అనే ఊరి మీద, సరిగ్గా మా పెంకుటింటి వంటగది వెనక, గోరంత ఇటుక రంగు మరక ఒకటి ఉండేది. సన్నగా మొదలై ఈశాన్యం వైపు వాలి, చివర్న కాస్త విచ్చుకుని ఉండేది.

అదే మా ఆయన. త్రినాథ్ మాస్టారు.

రాడార్ కిరణానికి మబ్బు అడ్డం కాదు, చీకటి అడ్డం కాదు. గాలిలో తేమ మాత్రం దాన్ని రవ్వంత ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యాన్ని కొలిస్తే తేమ తెలిసిపోతుంది. తిరకాసల్లా ఒక్కటే. ఆలస్యం అంటే దేనికన్నా ఆలస్యం? అందుకని ఒక రోజును మూలదినంగా పెట్టుకుంటాం. ఆనాటి చిత్రాన్ని ప్రతిరోజు చిత్రంలోంచీ తీసివేస్తాం. మిగిలినదే ఆ రోజు పటం. కాబట్టి మూలదినాన ఎక్కడైనా తేమ ఉందంటే, ఆ తర్వాత వచ్చే ప్రతి పటంలోనూ ఆ చోట పొడిగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఒక్కరోజు లేచిన ఆవిరి ఏళ్ల తరబడి తలకిందులుగా పటంలో వేలాడుతుంది.

మా మూలదినాన మా ఇంట్లో ఆవిరి లేచింది. అదే రోజు మా ఆయన పోయాడు.

ఆ మూలదినాన్ని ఎంచింది మా అప్పటి డైరెక్టరు పేరి అన్నాజీరావు గారు. అంతకుముందు ఉపగ్రహాలు ఊళ్ల మీద తేమనే చూసేవి. అన్నాజీరావు గారి రాడార్ ఒక ఇంటి మీద తేమను కూడా చూడగలదు. ఆయన సిద్ధాంతం చిన్నది. వాన మొదట పుట్టేటప్పుడు గిన్నెడు ఆవిరి కన్నా పెద్దదేమీ కాదు, ఆ గిన్నెడు ఎక్కడ లేచిందో పట్టుకుంటే మధ్యాహ్నం వాన ఎక్కడ పడుతుందో చెప్పేయొచ్చు. అది నిజమని తేలింది కూడా. ఆయన మేధావి, నాకు గురువు. కానీ పంచాంగం చూడనిదే పెన్ను కూడా కొనేవారు కాదు.

మూలదినానికి రెండు రోజులు పోటీలో నిలిచాయి. ఫాల్గుణ మాసం, సోమవారం నాడు తీరమంతా ఎండుటాకులా ఉంది. శాస్త్రం ప్రకారం అదే సరైన రోజు.

"సోమవారం అష్టమి కదమ్మా," అన్నారాయన. "ఆగితే గురువారం పుష్యమి వస్తోంది. గురుపుష్య యోగం. దశాబ్దాలు నిలవాల్సిన పని, మూడు రోజులు ఓపిక పట్టలేమా?"

నేను నవ్వాను. వాదించలేదు. వాదిస్తే వినేవారేమో, నాకు తెలియదు.

గురువారం ఉదయం కేంద్రంలో పెళ్లివారి ఇంటి హడావిడి. మావి జంట ఉపగ్రహాలు. ఒకటి పదకొండు ఇరవైకి, రెండోది ఏడు నిమిషాల తర్వాత వస్తాయి. మేం వాటిని అక్క, చెల్లి అనేవాళ్లం. ముహూర్తం చెడకూడదని అన్నాజీరావు గారు ఒక స్టీలు పళ్లెం పట్టుకుని అందరి దగ్గరా ఫోన్లు వసూలు చేశారు. తీసుకెళ్లి తన గదిలో దేవుడి పటం ముందు పెట్టారు. అక్క వచ్చింది. చెల్లి వచ్చింది. చిత్రాలు దిగేసరికి ఒంటిగంట అయింది, అప్పుడు కొబ్బరికాయ కొట్టారు. అందరం చప్పట్లు కొట్టాం. నా పళ్ల మధ్య కొబ్బరిముక్క ఉండగానే ఫోను చేతికొచ్చింది.

పదకొండు ఇరవై రెండుకు త్రినాథ్ నుంచి ఒక ఫోను. తర్వాత పన్నెండు దాటాక పక్కింటి నీలమ్మ నుంచి ఆరు.

నేను వారమంతా విశాఖలో, శని ఆదివారాలు కొమరవానిపేటలో. ఆయన ఆ ఊరి బడిలో మాస్టారు. ఉబ్బసం ఉండేది. ఆ పొద్దున మాట్లాడినప్పుడు ఆయన గొంతులో పిల్లికూత విని, "బడికి సెలవు పెట్టి ఇంట్లో ఉండు, రెండుసార్లు ఆవిరి పట్టు" అని చెప్పింది నేనే. ఆయన చెప్పినమాట వినే మనిషి. సత్తుగిన్నెలో నీళ్లు పొయ్యిమీద పెట్టి, స్టూలు లాక్కుని, తలమీద దుప్పటి కప్పుకుని పొయ్యి దగ్గరే కూర్చునేవాడు. అలా వద్దని ఎన్నిసార్లో చెప్పాను. ఆ ఒక్క మాట మాత్రం వినలేదు.

మాడు వాసన వచ్చి నీలమ్మ వెళ్లి చూసిందట. కబురు తెలిసి వెళ్లిన మా అన్నయ్యలు అంబులెన్సులో ఆయన్ని విశాఖ తెచ్చేశారు. ఆస్పత్రిలో చూసి, ఎప్పుడో పోయాడన్నారు. దహనం కూడా విశాఖలోనే కానిచ్చేశారు. "ఫోను ఎత్తినా ఇక్కణ్ణుంచి నువ్వేం చేసేదానివి?" అని అందరూ ఓదార్చారు. అది నిజమే. నిజమైనంత మాత్రాన దానితో నిద్ర పడుతుందా?

నెల తర్వాత మళ్లీ ఉద్యోగానికి వెళ్లి, కొత్త మూలదినంతో తయారైన మొదటి పటం తెరిచాను. కొమరవానిపేట మీద ఆ మరక. కొలిచాను. పొయ్యిమీద గిన్నెడు నీళ్లు మరిగితే ఎంత ఆవిరి లేస్తుందో, దుప్పటి కింద నుంచి ఎంత జారుతుందో లెక్కకట్టాను. సరిపోయింది. ఆయన ఊపిరి పీల్చుకోవడానికి పెట్టుకున్న ఆవిరి అది. ఆయన ఊపిరి కూడా అందులో కలిసే ఉంటుంది. ఇంకెవరికైనా వాళ్ల మనిషి ఇలా మిగిలాడా?

మూలదినాన ప్రతి ఇంటి మీదా ఇలాంటి మరకలుంటాయి, అందరూ వండుకుంటారు కదా. వాటిని తుడవడానికి ఒక ప్రోగ్రాం ఉంది. మేం దాన్ని చీపురు అనేవాళ్లం. అది రోజుల తరబడి ఒక్కో చోటునూ గమనించి, ఇది రోజూ ఉండే మరక, నిజం తేమ కాదు అని నేర్చుకుని ఊడ్చేస్తుంది. ఆ సాయంత్రం చీపురు మా ఊరి దాకా వచ్చింది. నేను మా ఇంటి చుట్టూ మూడువందల మీటర్ల మేర ఒక గీత గీసి, ఇటు రావద్దని రాశాను. కారణం అన్నచోట "స్థానిక దోషం, ఉపేక్షించవచ్చు" అని రాసి సంతకం పెట్టాను. ఒక్క నెల ఉంచుకుని తీసేద్దామనుకున్నాను.

అలా ఆరేళ్లు గడిచాయి. జ్వరం వచ్చినా పదకొండు ఇరవైకి తెర ముందుండేదాన్ని. పైన గాలి ఎలా ఉన్నా, పటమంతా నీలం పులుముకున్నా, ఆ మరక చెక్కుచెదరక ఉండేది. "వచ్చావా" అనుకునేదాన్ని. కొన్నిసార్లు పైకే అనేసి, చుట్టూ చూసేదాన్ని.

నెలకోసారి, ఆ రోజు పటం చూశాక బయల్దేరి కొమరవానిపేట వెళ్లి, ఇల్లు తుడిచి రాత్రికి వచ్చేసేదాన్ని. ఎనభై గడపల ఊరు, అందరివీ ఉప్పుమళ్లే. సముద్రపు నీరు మళ్లలోకి తోడి, ఎండబెట్టి, ఉప్పు లాగి రాశులు పోస్తారు. రాశి పోశాక వాన పడకూడదు. వానొస్తుందంటే తాటాకులు కప్పాలి. రాదంటే విప్పి ఆరనివ్వాలి. ఆ కబురు మా కేంద్రమే మధ్యాహ్నం పన్నెండుకల్లా వాళ్ల సెల్లుకు పంపేది.

పక్కింటి నీలమ్మకు అరవై దాటాయి. నేను అత్తా అంటాను. ఆవిడకు నోరు, చేయి రెండూ ఖాళీగా ఉండవు.

"ఏటమ్మా సువర్ణా, మా ఊరంటే మీ ఆఫీసోల్లకి ఏటి కోపం?" అంది ఒకసారి, గట్టు మీద నిలబడి. "పక్కూరోల్లకి మీ కబురు అచ్చంగా పడతాది. మాకు మాత్రం రాదంటే వొచ్చేత్తాది. మీ సేటిలైటుకి మా ఊరు కనపడదేటి?"

"చిన్న ఊరు కదత్తా, ఒక్కోసారి తప్పుతుంది," అన్నాను.

నోటికొచ్చిన అబద్ధం కాదది. బుద్ధిపూర్వకంగా చెప్పిన అబద్ధం. నేను గీసిన ఆ వలయంలో ఉన్నది మా ఇల్లొక్కటే కాదు. నీలమ్మ వాళ్ల మళ్లున్నాయి, సగం ఊరుంది. అక్కడ నిజంగా చెమ్మ లేచినా, అందులోంచి మూలదినం నాటి ఆవిర్లు తీసివేస్తే పటంలో ఏమీ మిగిలేది కాదు. వాన మొలక గిన్నెడే కదా. మా ఆయన కూడా గిన్నెడే. ఒకదాన్నొకటి మింగేసేవి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ, ఉప్పు కాస్త తడిస్తే ఏమవుతుందిలే అని సర్దిచెప్పుకునేదాన్ని. చదువుకున్నదాన్ని కదా, సర్దిచెప్పుకోవడం బాగా వచ్చు.

ఈ ఏడు మే నెలలో ఒక మంగళవారం, కొమరవానిపేటకు వర్షసూచన లేదని కబురు పంపాం. మూడుంపావుకు కుండపోత. రాశులన్నీ విప్పి ఉన్నాయి. ఊరు ఊరంతా తాటాకులు పట్టుకుని మళ్ల మీదికి పరిగెత్తింది. నీలమ్మ తోటికోడలు సూరమ్మ ఆకు లాగుతుండగా పక్కనున్న కరెంటు స్తంభం మీద పిడుగు పడింది. మనిషి బతికింది. రెండు చెవులూ పోయాయి.

మర్నాడు పొద్దున జుబేదా నా గదిలోకి వచ్చింది. ఆ అమ్మాయి నా విభాగంలోనే చేస్తుంది, నాకన్నా పదిహేనేళ్లు చిన్నది. తప్పిన ప్రతి సూచననూ తవ్వి చూడటం తన డ్యూటీ. తలుపు దగ్గరికి వేసి నిలబడింది.

"మేడం, కొమరవానిపేట చుట్టూ చీపురు పోకుండా గీత ఉంది. ఆరేళ్ల కిందటిది. సంతకం మీదే."

"ఉప్పుమళ్లు కదా, నీళ్ల తళుకుకి చీపురు తికమకపడుతుంది," అన్నాను.

"ఉప్పుమళ్లు తీరం పొడుగునా ఉన్నాయి మేడం. గీత అక్కడొక్కచోటే ఎందుకు?"

పటం తెరిచి మరక చూపించాను. మూలదినం ఏ రోజో తనకు తెలుసు. మా ఆయన ఎప్పుడు పోయాడో కూడా తెలుసు. కాసేపటికి అర్థమైంది. ఎదురు కుర్చీలో కూలబడింది.

"మిమ్మల్ని ఓదార్చాలో, మీమీద కేకలెయ్యాలో తెలీడం లేదు మేడం," అంది. "ఆవిడకి రెండు చెవులూ పోయాయి. సాయంత్రం అయిదింటి దాకా చూస్తాను. మీరు చెప్పకపోతే నేను రాయాలి."

"ఆ గీత ఇప్పుడే చెరిపేస్తాను."

"గీత చెరిపితే సరిపోదు. ఆరేళ్లుగా చీపురు ఆ చోటును చూడనే లేదు, దానికి అక్కడేదీ తెలీదు. మళ్లీ నేర్చుకునేసరికి వానాకాలం అయిపోతుంది. మూలదినమే మార్చాలి."

మూలదినం మారిస్తే పాత చిత్రం ఫైల్లో ఉంటుంది, కావాలంటే తీసి చూసుకోవచ్చు. కానీ అది ఫోటో చూసుకోవడమే. రోజూ పదకొండు ఇరవైకి కొత్తగా వచ్చే మనిషి ఇక రాడు. అంత చిన్న తేడాకు అంత ఏడుపెందుకని మీరు అడగొచ్చు. నా దగ్గర మిగిలింది ఆ తేడా ఒక్కటే.

జుబేదా వెళ్లాక ఒక పని చేశాను. ఆరేళ్లలో ఒక్కసారీ చేయనిది. చెల్లి తీసిన మూలచిత్రం తెరిచాను, పదకొండు ఇరవై ఏడుది. మేం పటానికి వాడేది అక్కదే. చెల్లిది సరిచూసుకోవడానికి మాత్రమే. ఆ సరిచూసే పని వేరేవాళ్ల చేత చేయించేదాన్ని కానీ నేను తెరవలేదు. ఆయన ఫోను చేసింది ఇరవై రెండుకు. ఈ రెండు చిత్రాల మధ్య ఏముందో నాకు తెలుసు కాబట్టే తెరవలేదు.

అక్క చిత్రంలో ఆవిరి వెంట్రుకలా ఉంటుంది. దుప్పటి కింద అణిగి, అంచుల్లోంచి జారిన ఆవిరి. చెల్లి చిత్రంలో అది మూడింతలు లావుగా, ఏ అడ్డూ లేకుండా కిటికీ నిండా ఎగదన్నింది. దుప్పటి లేదు. దాని కింద మనిషి లేడు. గిన్నె ఒక్కటే మరుగుతోంది.

అంటే నేను రోజూ చూస్తున్నది ఆయన ఊపిరి ఆడుతున్న ఆఖరి నిమిషాలను. ఇంకో రెండు నిమిషాలకు దుప్పటి విసిరేసి ఫోను తీస్తాడు. నేను ఆయన్ని ఆరేళ్లుగా ఆ రెండు నిమిషాల ఇవతలే ఉంచేశాను, గాలి అందక రొప్పుతున్న మనిషిని, రోజూ, తప్పకుండా. ప్రేమ అనుకున్నాను దాన్ని. తల బల్లకేసి పెట్టి పెద్దగా ఏడ్చాను. పక్కగదిలోకి వినబడుతుందని తెలిసే ఏడ్చాను.

అయిదింటికి ముందే కొత్త డైరెక్టరుకు రాసి ఇచ్చాను. విచారణ అన్నారు. విభాగం నుంచి తప్పించారు. కొత్త మూలదినం పని జుబేదాకు అప్పగించారు. ఇవన్నీ జరగాల్సినవే, ఫిర్యాదు లేదు.

మర్నాడు ఉదయం రైలుకు కొమరవానిపేట వెళ్లాను. నీలమ్మ అరుగు మీద చేపలు తోముతోంది. కింద కూర్చుని మొత్తం చెప్పాను. రాడార్ సంగతి ఆవిడకు చిటికెలో అర్థమైంది. గాలిలో చెమ్మను కనిపెట్టడమే వాళ్ల జీవనం కదా. మిగతాది అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"ఉండు," అంది. "మా సూరమ్మ సెవులు పోనాయంటే, అది నీ మొగుడు ఆవిరి కోసమా?"

"అవునత్తా."

"నువ్వు తెలిసే సేసినావు?"

"తెలిసే చేశాను."

ఆవిడ చేతిలో చేప గిన్నెలో పడేసి, లేచి లోపలికెళ్లి తలుపేసుకుంది. ఎండ అరుగెక్కేదాకా అక్కడే కూర్చున్నాను. ఈగలు చేపల మీద వాలుతుంటే తోలుతూ కూర్చున్నాను. చాలాసేపటికి తలుపు తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సూరమ్మకి నువ్వే సెప్పాల. నాను సెప్పను. దానికి యినపడదు, సదువు రాదు. ఎలా సెప్తావో నీ తంటాలు నువ్వు పడు."

సూరమ్మ మళ్ల దగ్గరుంది. తడిసి కరిగిన రాశి అడుగున మిగిలిన ఉప్పును గోకి గంపకెత్తుతోంది. నన్ను చూసి అలవాటుగా నవ్వింది. ఆ నవ్వు భరించలేకపోయాను. గట్టు మీద ఇసకలో వేలితో మా ఇల్లు గీశాను. గిన్నె గీశాను, ఆవిరి గీశాను. ఆకాశం చూపించాను, ఆమె సెల్లు చూపించాను. నా గుండె మీద చేయి వేసుకుని, ఇంటి చుట్టూ పెద్ద వలయం గీశాను. ఆమె మడి ఆ వలయంలోనే ఉందని చూపించాను. చివరికి ఆమె చెవుల వైపు, నా వైపు వేలు పెట్టి, చేతులు జోడించాను.

సూరమ్మ ఆ బొమ్మను చాలాసేపు చూసింది. నా ముఖమూ చూసింది. నవ్వు పోయింది. ఏం అర్థమైందో, ఎంత అర్థమైందో ఇప్పటికీ చెప్పలేను. ముందుకు వంగి, ఉప్పంటిన అరచేత్తో ఆ వలయాన్ని చెరిపేసింది. ఇల్లు, గిన్నె అలాగే ఉంచింది. మళ్లీ గంప అందుకుంది.

సాయంత్రం రైలు వేళకు నీలమ్మ నా వెనకే స్టేషను దారి దాకా వచ్చింది. వెనక్కి వెళ్లమన్నా వెళ్లలేదు. చివరికి అడిగింది.

"ఆ కొత్త రోజు ఎప్పుడు?"

"పడమటి గాలి తిరిగి తీరం బాగా ఎండిన రోజు చూసి పెడతారు. జుబేదా ముందే కబురు చేస్తానంది."

"ఆ రోజు మా పొయ్యిలు కూడా పడతాయేటి అందులో?"

"పడతాయి. ఫర్వాలేదత్తా, చీపురు ఊడ్చేస్తుంది."

"నీ సీపురు సంగతి సూసినాం గదా," అంది. "నువ్వు కూడా ఆ రోజుకి ఇక్కడికే రా."

పది రోజులకు వడగాలి మొదలైంది. జుబేదా ఆదివారం అని తేల్చింది. అన్నాజీరావు గారు రిటైరై కాకినాడలో ఉంటున్నారు, ఎవరు చెప్పారో గానీ ఫోను చేశారు.

"ఏమ్మా, మూఢంలోనా? పైగా అమావాస్యట!" అన్నారు. ఇక ఫోను పెట్టేస్తారనుకున్నాను. "ఆనాడు మీ ఫోన్లు పెట్టిన పళ్లెం ఇంకా మా ఇంట్లోనే ఉందమ్మా," అన్నారు మెల్లగా. "దాంట్లో తినబుద్ధి కాదు."

ఆయన కూడా ఆరేళ్లుగా ఏదో మోస్తున్నారని నాకు అప్పటిదాకా తట్టలేదు.

ఆదివారం పది గంటలకు కొమరవానిపేట చేరాను. ఊరు వింతగా ఉంది. ఏమిటో వెంటనే పోల్చుకోలేకపోయాను. తర్వాత తెలిసింది. ఏ ఇంటి మీదా పొగ లేదు. తాలింపు వాసన లేదు. టీ కొట్టు మూసి ఉంది. ఆడవాళ్లు, మగవాళ్లు ఎవరి గడప ముందు వాళ్లు నీడలో కూర్చుని ఉన్నారు. పిల్లల చేతుల్లో రాత్రి చద్దన్నం గిన్నెలున్నాయి. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు.

"ఇంత అక్కర్లేదత్తా," అన్నాను నీలమ్మతో. "రెండు పొయ్యిలు వెలిగినా ఏం కాదని చెప్పాను కదా."

"మీ సేటిలైటు కోసం కాదమ్మా," అంది నీలమ్మ. "ఊల్లో సావైతే సవం లేసేదాకా ఎవరూ పొయ్యెలిగించరు. అది మర్యాద. మేష్టారు పోనాడని తెలిసీసరికి మీవోల్లు అంబులెన్సులో పెట్టుకుని ఎల్లిపోనారు. మా యిల్లల్లో పొయ్యిలు ఎలుగుతూనే ఉన్నాయి ఆ రోజు. మా పిల్లలకి అచ్చరాలు నేర్పినోడికి మేం ఆ పాటి కూడా సెయ్యనేదు. నీమీద కోపం నాకు పోనేదు. పోదు కూడా. అది ఏరు, ఇది ఏరు."

మా ఇంటి గడప ముందు కూర్చున్నాను. నీలమ్మ నా పక్కన కూర్చుంది. కాసేపటికి సూరమ్మ వచ్చి, నాకు కాస్త ఎడంగా కూర్చుంది. పడమటి గాలి మొహాన కొడుతోంది. పదకొండు ఇరవై అయింది. తలెత్తి చూశాను. తెల్లటి ఆకాశం తప్ప ఏమీ కనిపించదని తెలుసు. ఎనభై ఇళ్ల మీద ఒక్క ఆవిరి పోగు కూడా లేదు, మా ఇంటి మీద కూడా.

ఏడు నిమిషాలు. నా జీవితంలో అంత పొడుగు నిమిషాలు చూడలేదు. ఇరవై రెండు దాటుతున్నప్పుడు నీలమ్మ చేయి గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ విడిపించుకోలేదు. జుబేదా నుంచి మెసేజి వచ్చింది: రెండూ వచ్చేశాయి మేడం, చిత్రం బాగుంది.

"అయిపోయిందత్తా," అన్నాను. "ఇక వండుకోమను."

నీలమ్మ కదల్లేదు. వీధిలో ఎవరూ కదల్లేదు. అందరూ నా వైపే చూస్తున్నారు.

"అలా కాదు," అంది నీలమ్మ. "సవం లేసిందని ఆ యింటోల్లు సెప్పాల. అప్పుడే ఎలిగిత్తాం. నువ్వే సెప్పాల, అందరికీ యినపడేలాగ."

చద్దన్నం అయిపోయిన పిల్లొకతి ఆకలని అమ్మ కొంగు లాగుతోంది. ఆవిడ పిల్లను ఊరుకోబెట్టి నా నోటి వైపు చూసింది. లేచి నిలబడ్డాను. వీధి చివరి దాకా వినబడేలా గొంతెత్తాను.

"లేచింది," అన్నాను. "మా ఆయన వెళ్లిపోయాడు. పొయ్యిలు వెలిగించుకోండి."

సూరమ్మకు అది వినబడలేదు. నా పెదాలు చూసిందేమో, ఊరందరికన్నా ముందు లేచి ఇంట్లోకి వెళ్లింది. తర్వాత ఒక్కొక్కళ్లే లేచారు. కాసేపటికి సూరమ్మ వాళ్ల పెంకుల మీద నుంచి పొగ లేచింది.